భోజలీ మగవాడు కాదు

రాయపూర్,
24 ఆగస్టు 1997

చిరంజీవి రామమూర్తికి అక్క ఆశీస్సులు.

ముందు నీ ఉత్తరంలో తప్పులు దిద్దుతాను, క్షేమసమాచారాలు తరవాత. భోజలీ మగవాడు కాదు. "భోజలీ అనే అతన్నెవర్నో ఇంట్లో పెట్టుకున్నావని నూకరాజు చెప్పాడు. డెబ్బై దాటిన మనిషివి, బావగారు పోయి పదేళ్ళయినా కాలేదు" అని రాశావు. బావగారు పోయి పదకొండేళ్ళయింది. నాకింకా డెబ్బై నిండలేదు. నూకరాజు మాట నమ్మడం మూడో తప్పు. అతను గార్డుగా రైలు చివరి పెట్టెలో కూర్చుని జీవితం గడుపుతున్నవాడు. ఏ సంగతైనా దాటిపోయాకే అతని కంటపడుతుంది.

భోజలీ అంటే గోధుమ మొలక. శ్రావణంలో ఇక్కడి ఆడవాళ్ళు వెదురుబుట్టలో మట్టి పోసి, గోధుమలు చల్లి, చీకటి గదిలో పెట్టి పసుపునీళ్ళతో పెంచుతారు. ఎండ తగలదు కనక ఆ మొలకలు బంగారపు రంగులో లేస్తాయి. రాఖీ మర్నాడు బుట్టలు నెత్తిన పెట్టుకుని, పాడుకుంటూ వెళ్ళి చెరువులో కలుపుతారు. అప్పుడు నాలుగు పరకలు తుంచి, మనసైన మనిషి చెవి వెనక దోపుతారు. ఆవిడ నీ చెవి వెనక దోపుతుంది. అంతే, ఇక పోయేదాకా ఒకరికొకరు భోజలీ. పెళ్ళికీ చావుకీ రావాలి, కష్టమొస్తే తలుపు తియ్యాలి. నిషేధం ఒక్కటే. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు నోట పలకకూడదు. "సీతారామ్ భోజలీ" అంటే "సీతారామ్ భోజలీ" అనాలి.

నా భోజలీ పేరు దుకల్హిన్ బాయి. నోటితో కదా అనకూడదు, రాస్తే తప్పులేదని నా ఉద్దేశం. కరువు ఏడాది పుట్టిందని తల్లి ఆ పేరు పెట్టింది. నువ్వామెను చూశావు. మా రైల్వే కాలనీలో ఇరవై ఏళ్ళుగా ఆకుకూరలూ తామరతూళ్ళూ అమ్ముతోంది. తూళ్ళకి మట్టి ఎక్కువుందని నువ్వు తగువు పెట్టుకుంటే, "ఏటి బాబూ, తామర గాల్లో మొలుత్తదేటి" అని మన శ్రీకాకుళం యాసలో నీ నోరు మూయించిన మనిషి. పక్క క్వార్టరు బంగారమ్మతో బేరాలాడి నేర్చుకున్న తెలుగు అది. నీ వ్యాకరణం కంటే నయం.

ఇక అసలు సంగతి. భన్‌పురి కార్ఖానాల వెనక వీళ్ళ ఊరికి ఒక చెరువుంది. గట్టు కింద దుకల్హిన్‌కి మొగుడు పోతూ మిగిల్చిన వరిమడి ఉంది. లారీల సేఠ్ ఒకడు కార్ఖానా బూడిద తెచ్చి ఆ చెరువులో పోయిస్తున్నాడు. పూడ్చి గోదాము కడతాడట. దారి కోసం ఈవిడ మడి కూడా కావాలట. ఇవ్వనంది. లారీ ముందు పడుకుంది. తెల్లారేసరికి ఊళ్ళో ఒక కొత్త సంగతి పుట్టింది, దుకల్హిన్ టోన్హీ అని. అంటే చేతబడి చేసే ఆడది. ఆమె చూపు తగిలి గేదెల పాలు ఎండిపోయాయట. ఆ గేదెలు తాగుతున్నది బూడిదనీళ్ళన్న ఆలోచన ఎవరికీ రాలేదు, లేదా రానివ్వలేదు. ఇక్కడ మొగుడు లేని ఆడదాని భూమి కావాలంటే కోర్టుకి పోనక్కర్లేదు, ఆ ఒక్క మాట చాలు. నువ్వు బొబ్బిలి కోర్టులో సిరస్తాదారుగా రిటైరైనవాడివి. ఇంత తొందరగా తేలిన దావా ఒక్కటి చూపించు.

ఈ నెల మొదట్లో, పట్టపగలు, నలుగురు మగవాళ్ళు ఆమెను జుట్టు పట్టుకుని గట్టు పొడుగునా ఈడ్చి కొట్టారు. ఎడమ మణికట్టు విరిగింది. ఊరు తలుపులు వేసుకుంది. ఆమె నడుచుకుంటూ మా క్వార్టరుకి వచ్చి, "అమ్మా, ఇయాల కూర తేలేదు" అంది.

మా ఇంటి వెనక ఉండే మేరీ రైల్వే ఆసుపత్రిలో నర్సు. కట్టు కట్టించింది. అప్పట్నుంచి దుకల్హిన్ మా వంటింటి పక్క గదిలో ఉంటోంది. నూకరాజు చూసిన "అతను" ఆవిడే.

చెయ్యి విరిగి కూడా ఆవిడ మా బొగ్గుల గదిలో గోధుమలు చల్లింది. "టోన్హీని చెరువు కాడికి ఎవులు రానిత్తారమ్మా, అయినా మొలకల తప్పేటి" అంది. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఎన్ని ఊరేగింపులు నడిపించానో నీకు తెలుసు. పంతొమ్మిదో తారీకున ఆ బుట్ట నా నెత్తిన పెట్టుకుని, కాలనీ ఆడవాళ్ళని వెంటేసుకుని, దుకల్హిన్‌తో ఆ చెరువుకి నడిచాను. చూడ్డానికి ఎలా ఉందో బంగారమ్మ చెప్పింది. "ఒలమ్మ, గేసుబండ ఎత్తుకున్నట్టున్నావే పంతులమ్మా."

గట్టు మీద ఊరి ఆడవాళ్ళంతా పక్కకి జరిగారు. మేం నీళ్ళలో దిగి మొలకలు కలిపి వచ్చాక, నేను అందరి ఎదటా దుకల్హిన్ చెవి వెనక పరకలు దోపాను. ఆవిడ నాకు దోపింది. తరవాత బంగారమ్మ ముందుకి తోసుకొచ్చింది. నాకున్నది తనకి లేకపోతే ఆమె తట్టుకోలేదు. మిక్సీ కొన్నా అంతే, మోకాలి నొప్పొచ్చినా అంతే. "నాకూ పెట్టే" అని చెవి చూపించింది. మేరీ సిలువ గుర్తు వేసుకుని చెవి చూపించింది. కాలనీ అంతా వరస కట్టింది. ఆఖరికి ఊళ్ళోంచి ఒక ముసలావిడ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆవిడ వెనక కోడలు, కోడలి వెనక ఊరు. కాసేపట్లో ఎవరు ఎవరికి భోజలీయో లెక్క లేకుండా పోయింది. అందరి చెవుల వెనకా పసుపు పరకలే, వడ్రంగుల సంఘం మహాసభలా.

సరిగ్గా అప్పుడు బూడిద లారీ వచ్చింది. అందరం తడిచీరలతో దాని ముందు కూర్చున్నాం. డ్రైవరు పున్నయ్యది పలాస. బంగారమ్మ "ఎవరి కొడుకువిరా" అని మొదలుపెట్టి మూడు తరాలు తవ్వేసరికి ఇంజను ఆపి దిగిపోయాడు. పక్కన కూర్చున్న సేఠ్ గుమాస్తా మాత్రం కర్ర తీసుకుని "టోన్హీ" అంటూ దుకల్హిన్ మీదకి వచ్చాడు. అందరం ఒక్కసారి లేచాం. అతను వెనక్కి నడిచి, తాము పోయించిన బూడిదలోనే నడుందాకా దిగబడ్డాడు. పైకి లాగాలా వద్దా అని కొంత చర్చ జరిగింది. ఈలోగా లారీ టైర్లలో గాలి పోయింది. ఎవరు తీశారో నేను చూడలేదు. నా తలపిన్ను ఒకటి మాత్రం ఆ రోజు నుంచి కనిపించడం లేదు.

గుమాస్తా కేసు పెట్టాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్కరినీ అడిగాడు, గాలి తీసిందెవరు అని. పేరు పలకకూడదు కదా. "భోజలీ" అంది ఒకావిడ. "గుమాస్తాని తోసిందెవరు?" "భోజలీ." "వీళ్ళందర్నీ కూడగట్టిందెవరు?" "భోజలీ." ఆయనది చంబల్ అవతల ఎక్కడో, ఈ ఊరి ఆచారాలు తెలియవు. కానిస్టేబుళ్ళు ఇక్కడివాళ్ళే. వాళ్ళు చెరువు వైపు తిరిగి నిలబడ్డారు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. ఎఫ్.ఐ.ఆర్.లో ముద్దాయి: భోజలీ, స్త్రీ, వయసు ఇరవై మొదలు డెబ్బై వరకు.

భీమారావు వర్క్‌షాపు నుంచి రోజూ వచ్చి "అమ్మా, ఇవాళ ఇంకేం చెయ్యలేదు కదా" అని అడిగి గానీ కాళ్ళు కడుక్కోడు. కొడుకు ఇలా అడిగే అదృష్టం ఎంతమందికి ఉంటుంది. నీ మోకాలికి వేడి ఇసక కాపడం పెట్టుకో.

నీ అక్క,
తాయారమ్మ


బొబ్బిలి,
2 సెప్టెంబరు 1997

పూజ్యురాలైన అక్కయ్య సముఖానికి రామమూర్తి నమస్కారములతో,

నీ ఉత్తరం చేరింది. రెండో పేజీ సగంలో నాకు కళ్ళు తిరిగి మజ్జిగ తాగాల్సి వచ్చింది. తక్కినది పడుకుని చదివాను. భోజలీ మగవాడు కాదన్నావు, ఒప్పుకున్నాను. కానీ నువ్వు రాసినదాన్ని బట్టే నాకు తేలిన సంగతి అంతకంటే ప్రమాదకరంగా ఉంది. లారీ టైర్లలో గాలి తీసింది భోజలీ. మనిషిని బూడిదలోకి తోసింది భోజలీ. ఆడవాళ్ళని కూడగట్టింది భోజలీ. అటువంటి గుండె గల ఆడమనిషికి, ఇరవై రెండేళ్ళు ప్రభుత్వోద్యోగం చేసిన నువ్వు వంటింటి పక్క గది ఇచ్చి అన్నం పెడుతున్నావు. ముద్దాయికి ఆశ్రయమిస్తే ఏ సెక్షను వర్తిస్తుందో నేను నీకు చెప్పక్కర్లేదు.

నువ్వేదో గోధుమలనీ పసుపునీళ్ళనీ కప్పిపుచ్చుతున్నావు. చిన్నప్పుడు మామిడికాయలు కోసినప్పుడు కూడా ఇలాగే చిలకల కథ చెప్పేదానివి.

ఆ కూరలావిడ విషయం విన్నాక మనసు కష్టపడింది. కానీ ఆలోచించు. ఒంటరి ఆడది, ఎదట సేఠ్. ఎంతొస్తే అంతకి మడి అమ్మేసి ఎక్కడో నీడపట్టున బతకమని చెప్పు. ప్రాణం కంటే మడి ఎక్కువా?

నేను ఊరికే కూర్చోలేదు. మీ ఠాణా ఇన్‌స్పెక్టరు గారికి ఇంగ్లీషులో, రిజిస్టరు పోస్టులో, రసీదు కోరుతూ ఉత్తరం రాశాను. నా వృద్ధ సోదరి అమాయకురాలనీ, భోజలీ అనే ఒక స్త్రీ ప్రభావంలో పడిందనీ, ఆ స్త్రీని గుర్తించి నా సోదరిని విడిపించవలసిందనీ ప్రార్థించాను. భాష విషయంలో నువ్వు గర్వపడతావు. సెమికోలన్లు పదకొండు పడ్డాయి.

శేషమ్మ తాయెత్తు పంపుతోంది. నూకరాజు తెస్తాడు. కింద ఏదో రాస్తానంటోంది.

విధేయుడు,
రామమూర్తి

వదినగారికి నమస్కారాలు. గోధుమలు మట్టిలో ఎంత లోతున వెయ్యాలి? నానబెట్టాలా? ఈయనకి చెప్పకండి. శేషమ్మ.


రాయపూర్,
11 సెప్టెంబరు 1997

తమ్ముడూ,

నీ రిజిస్టరు ఉత్తరం క్షేమంగా చేరింది, ఠాణాకి. ఇన్‌స్పెక్టరు దాన్ని చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. నన్ను చూసి టోపీ తీశాడు. ఇన్నాళ్ళూ నన్ను ముద్దాయిల్లో ఒకదాన్నిగా చూసినవాడు, నీ పుణ్యమా అని ఇప్పుడు బాధితురాలిగా చూస్తున్నాడు. రెండోది ఎక్కువ అవమానంగా ఉంది.

"మాతాజీ, భయపడకండి. ఆ భోజలీ ఎక్కడ దాక్కుంది?"

"వంటింట్లో టీ పెడుతోంది."

ఆయన వంటింట్లోకి తొంగిచూశాడు. ఒంటిచేత్తో టీ వడకడుతున్న దుకల్హిన్ "సీతారామ్ సాహబ్" అంది. మళ్ళీ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "ఈ కూరలామె కాదు. అసలు మనిషి. ముఠా నాయకురాలు."

అప్పుడే బంగారమ్మ గోడవతల నుంచి, "సీతారామ్ భోజలీ, కరేపాకుందేటి" అని అరిచింది. ఇన్‌స్పెక్టరు గోడ దగ్గరికి పరుగెత్తాడు. బంగారమ్మ ఆయన చేతిలో గిన్నె పెట్టి, "ఎవురైతే ఏటి బాబూ, రొండు రెమ్మలు తెచ్చీ" అంది. వెనక నిలబడ్డ కానిస్టేబులుకి పొలమారింది.

ఇంతవరకు నవ్వుకో, నేనూ నవ్వాను. ఇక మిగతాది విను. అసలు భోజలీ అనే మనిషి లేదేమో, ఆడవాళ్ళు తనని ఆట పట్టిస్తున్నారేమో అని ఆయనకి అప్పుడప్పుడే అనుమానం మొదలైందట. కేసు మూసేద్దామనుకున్నాడట. ఇప్పుడు రిటైర్డు కోర్టు ఉద్యోగి సాక్షాత్తూ రాసి ఇచ్చాడు, అటువంటి స్త్రీ ఒకతె ఉందని. పదకొండు సెమికోలన్లతో. నెలాఖరులోగా భోజలీ హాజరు కాకపోతే గొడవకి మూలమైన దుకల్హిన్‌నే లోపల వేస్తానన్నాడు.

ఆమె చెయ్యి విరగ్గొట్టిన సంగతి రాసుకోమని అడిగాను. "ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు గొడవలు మేమెక్కడ రాస్తాం మాతాజీ" అన్నాడు. ఆ నలుగురిలో ఒకడు నిన్న మా గేటు దగ్గర సైకిలాపి, దుకల్హిన్ వినేట్టుగా, రెండో చెయ్యి ఇంకా బాగానే ఉందా అని అడిగి వెళ్ళాడు.

మడి అమ్మేయమన్నావు కదా. నీ మాట ఆమెకి చెప్పాను. పోపు గింజలు ఏరుతూ, "వరి పొట్ట మీదుందమ్మా" అంది. అంటే నేడో రేపో వెన్ను తీస్తుంది. కోతలనాటికి ఆమె తన ఇంట్లో లేకపోతే ఆ పంట సేఠ్ మనుషులు కోస్తారు, కోసినవాడిదే మడి అంటారు. జైల్లో ఉన్నా అంతే, నా వంటింట్లో ఉన్నా అంతే. ఆమె ఆ గట్టు మీదకి మళ్ళీ బతికి నడిచి వెళ్ళాలి. నాకు కావలసింది అదొక్కటే. నీ బుర్ర చట్టానికి పనికొస్తుందేమో చూడు, ఇంగ్లీషుకి మాత్రం వద్దు.

శేషమ్మకి చెప్పు: గోధుమలు ఒక రాత్రి నానాలి, పైన వేలెడు మట్టి చాలు. తాయెత్తు దుకల్హిన్ మెడలో కడితే "టోన్హీకి తాయెత్తా" అని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. తీసెయ్యలేదు.

అక్క


బొబ్బిలి,
17 సెప్టెంబరు 1997

అక్కయ్యా,

ఇన్‌లాండు కవరు మీద చోటు తక్కువ కనక నా సిగ్గు గురించి రాయను.

ఒక మాట మాత్రం నేను నిన్ను అడగాలి. నీ మొదటి ఉత్తరం మళ్ళీ తీశాను. లారీ గురించీ, గుమాస్తా గురించీ, నీ తలపిన్ను గురించీ పేజీలు రాశావు. ఆ మనిషిని ఈడ్చి కొట్టిన సంగతి నాలుగు వాక్యాల్లో ముగించావు. ఎవరెవరు? వాళ్ళ పేర్లేమిటి? చూసినవాళ్ళెవరు? బడిలో పిల్లవాడి పలక పగిలినా సాక్షులని పిలిచేదానివి. నువ్వు నవ్వించడం మొదలుపెడితే ఎక్కడో నొప్పి ఉందని నాకు తెలుసు. అమ్మ పోయినప్పుడు కూడా పురోహితుడి పిలక గురించే రాశావు.

ఇప్పుడు చట్టం. ముద్దాయిగా పేరున్నంత మాత్రాన ఫిర్యాదు చేసే హక్కు పోదు. ఈ భోజలీ అన్నది ఆ దుకల్హిన్ బాయికే మారుపేరని నాకు ఇప్పటికి అర్థమైంది. కనక భోజలీ స్వయంగా ఠాణాకి హాజరు కావాలి. నేనే భోజలీని, లొంగిపోతున్నాను అని చెప్పాలి. వెంటనే అదే నోటితో, నన్ను కొట్టారు, ముందు నా ఫిర్యాదు రాసుకోండి అనాలి. విరిగిన చెయ్యి చూపించాలి. ఆ పూట చూసిన సాక్షి ఒక్కరైనా ఉండాలి, ఇది ముఖ్యం. ఒంటరిగా మాత్రం పంపకు.

నాకు అర్థమైందని ఇప్పుడే రాశాను కదా, భుజం మీంచి చదివి శేషమ్మ "మీకింకా అర్థం కాలేదండీ" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. దేవుడి గది మూల ఏదో బుట్ట మీద గుడ్డ కప్పి ఉంది. అడిగితే పెసలంది.

రామమూర్తి


రాయపూర్,
28 సెప్టెంబరు 1997

తమ్ముడూ,

నీ సలహా అక్షరాలా పాటించాం. భోజలీ స్వయంగా హాజరైంది. విరిగిన చెయ్యి చూపించింది. ఒంటరిగా వెళ్ళలేదు.

మొన్న శుక్రవారం పొద్దున్నే మేరీ మా వరండాలో కూర్చుని వచ్చినవాళ్ళకి వచ్చినట్టు ఎడమ మణికట్టుకి కట్టు కట్టింది. ఆసుపత్రి గుడ్డ ముట్టుకోనంది, నిజాయితీ గల మనిషి. బంగారమ్మ తన ఊదాపూల వాయిలు చీర చింపింది. ఆ చీర తన పెళ్ళినాటిదని దారి పొడుగునా చెప్పింది, లోకాన్ని ఉద్ధరించినట్టు. కాలనీవాళ్ళూ ఊరివాళ్ళూ కలిసి యాభై మందికి పైగా తేలాం. అందరి చేతులకీ ఊదాపూల కట్లు, మెళ్ళో వేలాడే పట్టీలు. రోడ్డు మీద ఒక టెంపోవాడు బండి ఆపి ఏ బస్సు బోల్తా పడిందని అడిగాడు.

ఠాణా వాకిట్లో నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు బయటికి వచ్చి చూసి లోపలికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు.

"మీలో భోజలీ ఎవరు?"

"నేను," అన్నాం.

"ఒక్కరే చెప్పండి."

"నేను," అంది కర్ర ముసలావిడ. "లొంగిపోతన్నా బాబూ, కూచోడానికేదైనా ఎయ్యి" అంది బంగారమ్మ తెలుగులో. ఆయనకి తెలుగు రాదు, కుర్చీ మాత్రం వేయించాడు. బంగారమ్మ అందులో ముసలావిడని కూచోబెట్టింది.

"అసలు పేరు చెప్పు," అని ఒకామెని నిలదీశాడు.

"నా పేరు నా భోజలీని అడగండి."

పక్కామె వైపు తిరిగాడు. ఆమె చెంపలు వేసుకుంది. "అమ్మో, మేం నోట పలకకూడదు సాహబ్."

పన్నెండయ్యేసరికి అరెస్టయిన వాళ్ళకి ఆకలేసి వాకిట్లోనే అటుకులూ మిరపకాయ బజ్జీలూ విప్పారు. ఇన్‌స్పెక్టరుకి ఉన్నది ఒక్క జీపు. అందులో ఎవర్ని ముందు ఎక్కించాలో తేల్చుకోలేక కానిస్టేబులుని పిలిచాడు. అతను అటెన్షన్‌లో నిలబడి, "సాహబ్, ఎడమ నుంచి మూడో భోజలీ మా అమ్మ" అన్నాడు. అప్పుడు మెల్లగా ఆచారమంతా విప్పి చెప్పాడు, గోధుమలు నానబెట్టడం మొదలుకొని. ఇన్‌స్పెక్టరు మెట్టు మీద కూర్చుండిపోయాడు. పాపం, నీ ఉత్తరం తీసి మళ్ళీ ఒకసారి చదువుకున్నాడు.

అప్పుడు నేను బడి గొంతుతో అన్నాను. "భోజలీ హాజరైంది. ముందు భోజలీ ఫిర్యాదు రాసుకోండి."

దుకల్హిన్ ముందుకి వచ్చింది. ఊదాపూల కట్టు లేనిది ఆవిడకే. ఉన్నది మాసిపోయిన పిండికట్టు. మాట్లాడటం మొదలుపెట్టగానే ఆడవాళ్ళు బజ్జీల పొట్లాలు మూసేశారు. నువ్వు అడిగావు కనక రాస్తున్నాను. జుట్టు చేతికి చుట్టుకున్నారట. గట్టు పొడుగునా ఈడ్చారట. చీర ఊడిపోతే ఒకడు దాన్ని చెరువులోకి విసిరాడట. చెయ్యి మీద కాలేసి నిలబడి, లారీ కింద ఇంకా పడుకుంటావా అని అడిగాడట. పడుకుంటానందట. అప్పుడు విరిగింది. ఇవన్నీ నాకు కూడా చెప్పలేదు. చీర లేకుండా నా దగ్గరికి ఎలా వచ్చిందని నేనెప్పుడూ అడగలేదు. తుంగ మోసే గోనె చుట్టుకొచ్చింది. ఆ గోనె నేనే ఉతికి ఆరేశాను, అయినా అడగలేదు. నువ్వన్నది నిజమే.

"సాక్షులున్నారా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఈసారి ఆయన గొంతు వేరుగా ఉంది.

ఆడవాళ్ళు ఎవరి కట్టు వాళ్ళు సర్దుకోవడం మొదలుపెట్టారు. తలుపులు వేసుకున్న ఊరంతా అక్కడే నిలబడి ఉంది. యాభై కట్లు కట్టుకొచ్చాం గానీ కావలసింది ఒక్క నోరు.

కర్ర ముసలావిడ కుర్చీలోంచి లేచింది. "నేను చూశాను. తలుపు సందులోంచి. తలుపు తియ్యలేదు. అప్పటికి అది నా భోజలీ కాదు. ఇప్పుడు అవును."

ఆవిడ కోడలు, "నేనూ చూశాను" అంది. తరవాత ఇంకొకామె. తరవాత కానిస్టేబులు తల్లి.

"ఆ మగవాళ్ళెవరు? లేక వాళ్ళకీ భోజలీ అనే పేరా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తమ్ముడూ, పేరు పలకకూడదన్న నిషేధం భోజలీల మధ్యనే. ఆ నలుగురి పేర్లూ ఆడవాళ్ళంతా ఒక్కసారి చెప్పారు. తండ్రుల పేర్లతో, ఇళ్ళ గుర్తులతో, చిన్నప్పటి ముద్దుపేర్లతో సహా. ఒకడి మేనత్తే చెప్పింది, వాడు ఇప్పుడు ఏ మంచం కింద ఉంటాడో కూడా. కానిస్టేబులు రాయలేక "మెల్లగా అమ్మా, మెల్లగా" అంటున్నాడు. రోడ్డు మీదకి వినబడేట్టు చెప్పారు. నా జీవితంలో ఎన్నో హాజరుపట్టీలు పిలిచాను, అంత బాగా పలికిన హాజరు వినలేదు.

సాయంత్రానికి ముగ్గురు దొరికారు. నాలుగోవాడు నాగపూర్ బండెక్కాడని నూకరాజు చెప్పాడు. అంటే ఎక్కేశాక చూశాడన్నమాట. సేఠ్‌ని ఎవరూ ముట్టుకోలేదు, ముట్టుకోరు కూడా. చెరువు కొలతలు తేలేదాకా లారీలు రాకూడదని తహసీల్ నుంచి కాగితం వచ్చింది. కొలతలు ఎన్నాళ్ళకి తేలతాయో నీకే బాగా తెలుసు, ఈ ఒక్కసారికి మీవాళ్ళ నత్తనడక మాకు పనికొస్తుంది. భోజలీ మీద కేసు అలాగే ఉంది, నవంబరులో వాయిదా. అందరం వెళ్తాం. బంగారమ్మ ఇంకో చీర తీసి పెట్టింది.

దుకల్హిన్ నిన్న తన ఇంటికి వెళ్ళింది. ఇంకో నెల ఉండమన్నాను. "వరి కాడ ఉండాలమ్మా" అంది. గట్టు మీద నేను వెనకే నడిచాను. ఆమె ఎక్కడా ఆగలేదు, ఒక్కచోట మాత్రం చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడిచింది. ఎందుకని అడగలేదు, ఈసారి తెలిసే అడగలేదు. కాలనీ నుంచి రోజుకి ఇద్దరం వంతుల వారీగా ఆమె ఇంట్లో పడుకుంటున్నాం. మొదటి వంతు బంగారమ్మది. ఆమె గురక విని పక్క ఊరి కుక్కలు కూడా అటు రావడం మానేశాయట. భీమారావు ఇవాళ "అమ్మా, నీ వంతు ఎప్పుడు, నేను టార్చిలైటు తేనా" అని అడిగాడు. కాళ్ళు కడుక్కోకుండానే.

కవరులో ఎండిన పరక ఒకటి పెట్టాను, విరక్కుండా తియ్యి. అది నీకు కాదు, మీ ఆవిడకి. దేవుడి గది మూల ఉన్నవి పెసలు కావు. అందులోంచి ఒక పరక తుంచి నాకు పంపమను. పేరు రాయడం కూడా మోసమేనని బంగారమ్మ తేల్చింది కనక, ఈ ఉత్తరంతో మీ ఆవిడ పేరు రాయడం మానేస్తున్నాను. ఇక మీ ఇంట్లో కూడా ఒక భోజలీ ఉందన్నమాట. ఎవరికైనా ఇంగ్లీషులో ఉత్తరం రాయాలనిపిస్తే రాసుకో.

ఒక చిన్న పని ఉంది. వేసవికి నీళ్ళు తగ్గాక చెరువులో బూడిద చేత్తో ఎత్తాలి, వచ్చే శ్రావణానికి మొలకలు కలపడానికి నీళ్ళు కనబడాలి కదా. ఇక్కడి బుట్టలు గోధుమలకి సరిపోతాయి గానీ బూడిదకి ఆగవు. పార్వతీపురం సంతలో వెదురు తట్టలు చూడు. అంచు రెండు వరసలు అల్లినవే తీసుకో. బోర్లించి అడుగు మీద మోకాలు పెట్టి నొక్కితే కిర్రుమనకూడదు, నీ మంచి మోకాలు పెట్టు. డజను చాలు. ఒకదాంట్లో ఒకటి దూర్చి తాడుతో కట్టి, ప్యాసింజరులో నూకరాజు పెట్టెలో వేయించు. బేరం నువ్వు చెయ్యకు. భోజలీని వెంట తీసుకెళ్ళు.